చివరి ఇద్దరు మిగిలినప్పుడే గీజరు స్విచ్ తీసేయండి

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర సొంత ఇల్లు, కిందా పైనా రెండు అంతస్తులు. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు, మొత్తం ఐదుగురం. కింద బాత్రూములో పదకొండేళ్ల నాటి 25 లీటర్ల గీజరు ఉంది. తెల్లవారి నాలుగున్నరకు వేస్తే, అందరూ వెళ్లాక తొమ్మిదిన్నరకు ఆపుతాను. సాయంత్రం మళ్లీ గంటన్నర. పైన అవసరమైతే రాడ్ పెట్టుకుంటాం. అక్టోబరులో 190 యూనిట్లు కాలితే జనవరిలో 290 అయింది, ఫ్యాన్లు తిరగకపోయినా! సోలార్ అమ్మే అబ్బాయి వచ్చి 200 లీటర్లది 38 వేలకు పెడతానని, సబ్సిడీ వస్తుందని, ఐదు వేలు అడ్వాన్సు ఇమ్మని అంటున్నాడు. మావారేమో గ్యాస్ గీజరు కొందాం, ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమే కదా అంటారు. మా మరిది హీట్ పంప్ అంటాడు. మా అత్తగారు "ఈ గీజరు నీళ్లు ఒంటికి పట్టవు, అటక మీది రాగి బాయిలరు దించండి" అంటున్నారు. మా బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి, కుళాయిల చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. మార్చిలో మా ఆడపడుచు పురిటికి వస్తోంది. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
ఒక గృహిణి, శ్రీకాకుళం జిల్లా

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే ఒకే వార్డులో నలుగురు అభ్యర్థులు నిలబడినట్టు అనిపించింది. నలుగురూ తమ మిషను గురించే చెబుతున్నారు. ఇంటికి రోజుకు ఎన్ని వేడినీళ్లు కావాలో మాత్రం ఎవరూ లెక్క వేయలేదు. ముందు ఆ పని చేద్దాం. లెక్కలంటే విసుగు పుట్టినా ఒక్క ఐదు నిమిషాలు ఓపిక పట్టండి, తర్వాత 38 వేలు మిగలొచ్చు.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలో కేలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలో కేలరీల వేడి ఉంటుంది. జనవరి తెల్లవారుజామున మీ ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలు ఉన్నాయనుకోండి. ఒంటికి హాయిగా ఉండేది 40 డిగ్రీలు. అంటే 20 లీటర్ల బకెట్‌ను 18 డిగ్రీలు పెంచాలి. దానికి 360 కిలో కేలరీలు, 0.42 యూనిట్. ఐదుగురికి ఐదు బకెట్లంటే రోజుకు 2.1 యూనిట్లు, నెలకు 63. షవరు కింద పాటలు పాడుకుంటూ నిలబడేవాళ్లుంటే ఈ లెక్క రెండింతలో మూడింతలో అవుతుంది గానీ, మీరు బకెట్ల ఇల్లేనని అనుకుంటున్నాను.

మీ బిల్లు పెరిగింది 100 యూనిట్లు. ఫ్యాన్లు ఆగినందువల్ల తగ్గాల్సిన యూనిట్లను కూడా కలుపుకుంటే గీజరు తిన్నది 100 కంటే ఎక్కువే. స్నానాలకు పోయింది 63. మిగతాది ఎక్కడికి పోయింది?

మీ గీజరు దగ్గరే ఉంది. గీజరులోంచి వేడినీళ్లు తీసుకున్న కొద్దీ అంతే చన్నీళ్లు లోపలికి వస్తాయి. స్విచ్ వేసి ఉన్నంతసేపూ అది ఆ చన్నీళ్లను మళ్లీ కాస్తూనే ఉంటుంది. చివరి మనిషి ఎనిమిదిన్నరకు స్నానం ముగించినా, మీరు తొమ్మిదిన్నరకు ఆపేలోపు అది మరో 25 లీటర్లు నిండా కాచి పెడుతుంది, ఎవరికోసమో తెలియకుండా. 22 నుంచి 65 డిగ్రీలకు అంటే సుమారు ఒకటింపావు యూనిట్. సాయంత్రం కూడా ఇదే కథ. పదకొండేళ్ల గీజరు కాబట్టి వేడి బయటికి పోకుండా ఆపే లోపలి పొర పాతబడి ఉంటుంది. ఆ వేడిలో కొంత తర్వాతి వాడకం దాకా నిలిచినా, మిగతాది బాత్రూము గోడను వెచ్చబెట్టడానికే సరి.

కాబట్టి రేపు పొద్దున్న నుంచి ఒక పని చేయండి, పెద్ద ఖర్చు లేదు. నీళ్లు ఎంత వేడికి చేరాక కాచడం ఆపాలో చూసే థర్మోస్టాట్‌ను 55 డిగ్రీలకు తగ్గించండి. పాత మోడళ్లలో ఆ మీట కింది మూత లోపల ఉంటుంది, మీరు విప్పొద్దు, ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. 55 డిగ్రీల నీళ్లలో చన్నీళ్లు కలిపితే ఒక బకెట్‌కు 11 లీటర్ల వేడినీళ్లు చాలు. అంటే గీజరులో ఉన్న 25 లీటర్లు ఇద్దరికి సరిపోతాయి. లోపల నీళ్లు కాచే ఎలిమెంట్ రెండు వేల వాట్లదైతే 25 లీటర్లు 55కు రావడానికి అరగంట పడుతుంది. కాబట్టి నాలుగున్నరకు వేయనక్కర్లేదు. మొదటి మనిషి ఎప్పుడు లేస్తే దానికి అరగంట ముందు వేయండి. స్నానాలన్నీ వరసగా కానివ్వండి. ఇంకా ఇద్దరు మిగిలి ఉన్నప్పుడే స్విచ్ తీసేయండి. ఈ ఆఖరి మాట ఇంట్లో అందరికీ వినపడేలా చెప్పండి, ఎందుకంటే అసలు ఆదా అక్కడే ఉంది.

ఇంకా తగ్గించి 45లో పెట్టమని చెప్పే వీడియోలు నేనూ చూశాను. వద్దు. గోరువెచ్చగా నిలవ ఉన్న నీళ్లలో కొన్ని రకాల బాక్టీరియా పెరుగుతుంది. 55 దగ్గర ఆగండి. ఊరెళ్లి పది రోజుల తర్వాత తిరిగొస్తే మొదటిసారి మాత్రం పూర్తి వేడికి కాచి, ఆ నీళ్లు వదిలేసి, తర్వాత వాడుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు ఒక్కోటి 1.90 రూపాయలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, అది దాటితే 400 వరకు 8.75. మీరు అక్టోబరు మీద జనవరిలో అదనంగా కాల్చిన 100 యూనిట్లలో 35 ఆరు రూపాయల స్లాబులోనూ, 65 ఎనిమిది ముప్పావు స్లాబులోనూ పడ్డాయి. మొత్తం దాదాపు 780 రూపాయలు, మిగతా చార్జీలు వేరే. గీజరు యూనిట్లు ఎప్పుడూ బిల్లు కొసనే వచ్చి చేరతాయి, అందుకే అవి అంత ఖరీదు. తగ్గించినప్పుడు కూడా అదే కొసన తగ్గుతుంది. 290ని 240కి దించగలిగితే నెలకు 437 రూపాయలు మిగులుతాయి. ఫ్రిజ్జు, టీవీ, లైట్లు అన్నీ మీరు జాగ్రత్తగా వాడుతూనే ఉన్నారని మీ అక్టోబరు బిల్లే చెబుతోంది. వాటి జోలికి పోకండి.

గీజరులో తెల్ల పొర పట్టింది కాబట్టే కరెంటు ఎక్కువ తాగుతోందని మెకానిక్ చెబితే సగమే నమ్మండి. ఎలిమెంట్ నీళ్లలోనే మునిగి ఉంటుంది, దాని వేడి ఇంకెక్కడికీ పోదు. పొర వల్ల జరిగేది వేరే: ఎలిమెంట్ తన వేడికి తనే కాలిపోతుంది, అడుగున సున్నం పేరుకుని 25 లీటర్ల గీజరు 20 లీటర్లదవుతుంది. అందుకని సర్వీసు చేయించండి. చేయించేటప్పుడు లోపల మెగ్నీషియం కడ్డీ ఉందా, అరిగిపోయిందా అని అడగండి. ఉప్పు నీళ్లు ట్యాంకును తినకుండా ఆ కడ్డీ తనే అరుగుతుంది. అది అయిపోయాక నీళ్లు ట్యాంకును తినడం మొదలుపెడతాయి. బోరు నీళ్ల ఇళ్లలో దాన్ని రెండేళ్లకోసారైనా చూడాలి. పదకొండేళ్లలో మీరు ఒక్కసారైనా మార్చారంటే నాకు ఆశ్చర్యమే.

సర్వీసు చేసేటప్పుడు ట్యాంకు చిల్లు పడిందని తేలితే కొత్తది కొనక తప్పదు. అప్పుడు 15 లీటర్లది చాలు, దానితో మాత్రం ఒక్కరు మిగిలినప్పుడు స్విచ్ తీయండి. షాపులో నక్షత్రాల గురించి గట్టిగా చెబుతారు. స్టోరేజి గీజరు మీది నక్షత్రాలు, కాగిన నీళ్లను రోజంతా అలాగే ఉంచితే ఎంత వేడి పోతుందన్న దాన్ని బట్టి ఇస్తారు. వాడి ఆపేసే ఇంట్లో మూడు నక్షత్రాలకూ ఐదింటికీ తేడా సేల్స్‌మన్ చెప్పినంత ఉండదు. అయినా ఐదే కొనండి, ఎవరో ఒకరు ఆపడం మరిచిపోయే రోజు తప్పక వస్తుంది.

పైన వాడే రాడ్ విషయం. కరెంటు పొదుపులో రాడ్‌కు వంక పెట్టలేం, బకెట్‌కు ఎంత కావాలో అంతే కాస్తుంది. కానీ ప్రతి చలికాలం రాడ్ ప్రాణాలు తీసిన వార్తలు చదువుతూనే ఉన్నాం. నీళ్లు కాగాయా అని వేలు పెట్టి చూడటం మనందరికీ అలవాటు, ప్రాణం పోయేది అక్కడే. ప్లగ్ పూర్తిగా లాగేశాకే బకెట్ ముట్టుకోవాలి, స్విచ్ ఆపితే చాలదు. ఇనప బకెట్ అసలు వద్దు. బాత్రూము గచ్చు తడిగా ఉన్నప్పుడు చెప్పుల్లేకుండా ఆ దగ్గరికి పోవద్దు. పిల్లలున్న ఇంట్లో నన్నడిగితే రాడ్ తీసి అటక మీద పెట్టి, ఆ అటక మీది బాయిలరు దించమంటాను.

గీజరు అయినా, రాడ్ అయినా, మీటరు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. ఒంటిలోంచి కరెంటు భూమిలోకి పోవడం మొదలైతే రెప్పపాటులో ఇంటి కరెంటు ఆపేసేది అదే. లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు ఎంసీబీ ఆ పని చేయదు. ఆర్‌సీసీబీ మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి, టక్కున పడిపోవాలి. పెరట్లో ఎర్త్ గుంట ఉందా? వేసవిలో దానికి ఎవరైనా నీళ్లు పోస్తున్నారా? ఈ ఖర్చుకు మాత్రం వెనకాడొద్దు.

ఇక అభ్యర్థుల దగ్గరికి వద్దాం.

మీవారి గ్యాస్ గీజరు. ముందు లెక్క. మీకు నెలకు కావలసిన 63 యూనిట్ల వేడికి, గీజరు ఎనభై శాతం వేడిని నీళ్లకు అందించిందనుకున్నా, ఆరు కిలోల పైన గ్యాస్ అవుతుంది. 14.2 కిలోల సిలిండరులో సగానికి కాస్త తక్కువ. 2024 నవంబరు 1న మన జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో మొదలుపెట్టిన దీపం-2 కింద వచ్చే మూడు సిలిండర్లు వంటకోసం ఇచ్చినవి. నాలుగు నెలల చలికి అందులో రెండు స్నానాలకే ఖర్చయితే, వేసవిలో వంటకు డబ్బు పెట్టి కొనాల్సిందే. ఉచితం అన్నది ఎటు తిప్పినా అంతే వస్తుంది.

కానీ నేను వద్దనేది డబ్బు కోసం కాదు. మూసిన బాత్రూములో గ్యాస్ మండితే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ లీకైతే ముక్కుకు తెలుస్తుంది, ఇది తెలియదు. స్నానం చేస్తున్న మనిషికి ముందు తల తిరుగుతుంది, తర్వాత కాళ్లు పట్టు తప్పుతాయి, తలుపు గడియ తీసే ఓపిక కూడా ఉండదు. మన ఇళ్లలో బాత్రూముకు ఉండేది జానెడు వెంటిలేటరు. దోమలని దానికీ అట్ట ముక్క అడ్డం పెడతాం. మీవారు అంతగా పట్టుబడితే గీజరూ సిలిండరూ రెండూ పెరటి గోడకు, బయటి గాలిలో పెట్టించి పైపు మాత్రం లోపలికి తెచ్చుకోండి. బాత్రూము లోపల మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మీ మరిది చెప్పిన హీట్ పంప్ మంచి యంత్రమే. ఏసీని తిరగేసినట్టు పనిచేస్తుంది, బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లలో పెడుతుంది. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, మనలాంటి వెచ్చటి ప్రాంతంలో ఇంకా బాగా పనిచేస్తుంది. లాడ్జీలకు, హాస్టళ్లకు, ఆసుపత్రులకు బ్రహ్మాండం. నెలకు 63 యూనిట్ల ఇంటికి అది మిగిల్చేది 42 యూనిట్లు, అదీ చలికాలంలోనే. దాని ధర గీజరుకు ఎన్నో రెట్లు. మరిదిగారు ఎప్పుడైనా లాడ్జి కట్టినప్పుడు ఆలోచిద్దామని చెప్పండి.

అత్తగారి బాయిలరు. "బాయిలరు నీళ్లకి సాటి ఏటి?" అని మా అమ్మా అనేది. నీళ్లలో తేడా ఏమీ లేదమ్మా, తేడా అంతా ఆ మంట దగ్గర కూర్చుని చలి కాచుకునే పదినిమిషాల్లో ఉంది. మధ్యలో గొట్టం, అడుగున బూడిద, చుట్టూ నీళ్లు, ఎవరు కనిపెట్టారో గానీ తెలివైన సాధనం. ఉద్దానం వైపు బంధువులుంటే కొబ్బరి మట్టలకు, డొక్కలకు కొదవ ఉండదు. పెరట్లో, గాలి ఆడే చోట, ఊరికే దొరికే పుల్లలతో అయితే నాకు అభ్యంతరం లేదు. పొగ ఇంట్లోకి రాకూడదు, అదొక్కటే షరతు. జీడి తొక్కలు మాత్రం వేయొద్దు, ఆ నూనె పొగ కళ్లను, గొంతును మండిస్తుంది. పుల్లలు కొని కాచేటట్టయితే బాయిలరు లాభం లేదు.

ఏది ఏమైనా దాన్ని పాత సామాన్లవాడికి అమ్మకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు ఎన్ని రోజులకు వచ్చిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో గీజర్లన్నీ గోడకు వేలాడే తెల్ల డబ్బాలు. బాలింతలున్న ఇళ్లకు నూతి నీళ్లూ బాయిలర్లే దిక్కయ్యాయి. పడిపోయిన కొబ్బరి చెట్ల మట్టలే వంటచెరుకు.

ఇప్పుడు అసలు సంగతి, సోలార్. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నా చేతులు కాలింది ఇక్కడే.

కొన్నేళ్ల కిందట మా ఇంటి మీద నేనూ సోలార్ హీటరు పెట్టించాను. పెట్టిన మనిషి కిందే నిలబడి "అన్నీ చూసుకుంటాం సార్" అన్నాడు. చన్నీళ్ల ట్యాంకు శ్లాబు మీదే ఉంది, సోలార్ ట్యాంకు దాని స్టాండు మీద అంతకన్నా ఎత్తులో కూర్చుంది. నీళ్లు పల్లానికి పారతాయన్నది చిన్నపిల్లలకూ తెలుసు, మా ఇద్దరికీ ఆ రోజు తట్టలేదు. సోలార్ ట్యాంకు నిండదు, కుళాయిలో నీళ్లు రావు. చివరికి ఇటుకలతో దిమ్మ కట్టి సింటెక్స్ ట్యాంకును పైకి ఎక్కించాల్సి వచ్చింది, ఆ ఖర్చు నాదే. రెండోది, పైపు. డాబా మీంచి కింద బాత్రూముకు 25 మీటర్ల దూరం, పైగా అంగుళం పైపు వేశాడు. పొద్దున్న కుళాయి తిప్పితే ముందుగా ఆ పైపులో రాత్రంతా చల్లారిన 11 లీటర్లు వస్తాయి. సగం బకెట్ చన్నీళ్లు పట్టి పక్కన పెడితే తప్ప వేడినీళ్ల మొహం కనపడదు. మా ఆవిడ వాటితో మొక్కలు తడిపేది. సోలార్ పుణ్యమా అని మా మందారాలు బాగా పూశాయి.

అందుకే సోలార్ గురించి అడిగిన వాళ్లకు నేను చెప్పేది, ముందు నిచ్చెన వేసి డాబా ఎక్కండి. చన్నీళ్ల ట్యాంకు అడుగు, సోలార్ ట్యాంకు నెత్తికన్నా పైన ఉండాలి. అక్కణ్ణుంచి బాత్రూముకు పైపు ఎంత దూరమో కొలవండి. వేడినీళ్ల లైను వేడికి తట్టుకునే సీపీవీసీ పైపు అయి ఉండాలి, మామూలు పీవీసీ వేడికి మెత్తబడి వంగిపోతుంది. పైపు మీద నురుగు తొడుగు వేయాలి. ఎండను పట్టే అద్దాలు దక్షిణం చూడాలి. అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కిరణాలు స్వామి పాదాలు తాకుతాయంటే, ఆ రెండు నెలల్లోనూ సూర్యుడు ఆకాశంలో ఇంచుమించు ఒకే దారిన నడుస్తాడు కాబట్టే. చలికాలంలో ఆ దారి ఇంకా దక్షిణానికి జరుగుతుంది. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా మన శ్రీకాకుళంలో సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మనకు వేడినీళ్లు కావలసింది అప్పుడే కాబట్టి అద్దాలను 30 డిగ్రీల దాకా వాల్చి నిలబెట్టాలి. దక్షిణాన పక్కింటి మేడో, కొబ్బరి చెట్టో ఉంటే దాని నీడ వేసవిలో పడకపోయినా డిసెంబరులో పడుతుంది, అప్పుడు చూసుకోవాలి.

మీ నీళ్లు ఉప్పువి కాబట్టి ఫ్లాట్ ప్లేట్ రకం వద్దు, అందులోని సన్న రాగి గొట్టాలు సున్నంతో మూసుకుపోతాయి. గాజు గొట్టాల రకం నయం. గొట్టం వెడల్పు ఎక్కువ, అడుగున చేరిన మడ్డిని ఏడాదికోసారి తీసి కడగొచ్చు, ఒకటి పగిలితే ఒకటే మార్చుకోవచ్చు. కోతుల బెడద ఉంటే మాత్రం ఆ "ఒకటి పగిలితే" అన్న మాట తరచూ వినాల్సి వస్తుంది. తుఫాను గాలికి స్టాండు ఊగకుండా శ్లాబులోకి బోల్టులు దిగాలి, నాలుగు ఇటుకలు పేర్చి బరువు పెట్టడం మన తీరంలో కుదరదు.

ఇవన్నీ సరిగ్గా చేయించారనుకోండి, డబ్బు తిరిగి వస్తుందా? చలి నాలుగు నెలలకు 250 యూనిట్లు. మిగతా ఎనిమిది నెలలు అత్తగారికి, ఆడపడుచుకి, బిడ్డకి కలిపి రోజుకు ముప్పావు యూనిట్ చొప్పున వేసినా 180. మొత్తం 430 యూనిట్లు, ఏడాదికి మూడు వేల రూపాయలు. 38 వేలు రాబట్టడానికి పన్నెండేళ్ల పైన పడుతుంది. ఆడపడుచు ఐదో నెలలో అత్తారింటికి వెళ్లిపోతే ఇంకా ఎక్కువ. మీకు 200 లీటర్లు అక్కర్లేదు, 100 లీటర్లది చాలు. అదైనా పెట్టుబడి తీరడానికి ఏళ్లు పడుతుంది. బెంగళూరులో ఏడాదంతా వేడినీళ్లు పోసుకుంటారు, అక్కడ సోలార్ హీటరు లెక్క వేరు. మనకు రథసప్తమి దాటితే చలి వెనకడుగు వేస్తుంది. మే నెలలో నల్ల ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి, అప్పుడు మీరు కాచుకోవాల్సింది చన్నీళ్ల కోసం.

సబ్సిడీ మాటకు వస్తే, ఆ అబ్బాయి తెలియక అన్నాడో తెలిసి అన్నాడో గానీ, కేంద్రం 2024లో తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కరెంటు తయారు చేసే పలకలకు. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడూ ఆ పైన అయితే 78 వేలు. నీళ్లు కాచే సోలార్‌కు అది వర్తించదు. రెండూ డాబా మీదే ఉంటాయి, రెంటినీ సోలార్ అనే అంటారు, ఆ గందరగోళంలోనే అడ్వాన్సులు చేతులు మారుతుంటాయి.

నిజానికి మీ దగ్గర డబ్బుండి, డాబా మీద నీడ లేని జాగా ఉంటే నేను మొగ్గు చూపేది ఆ పలకల వైపే. కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగులు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల వరకు వస్తాయి. రెండు కిలోవాట్లు పెడితే నెలకు 240 దాకా. నెట్ మీటరు ఉంటే మధ్యాహ్నం గ్రిడ్‌కు ఇచ్చినది పొద్దున్న గీజరు వాడకంలో జమ అవుతుంది. నీళ్లు కాచే సోలార్ మన దగ్గర ఏడెనిమిది నెలలు దాదాపు ఖాళీగా కూర్చుంటుంది, పలకలు వేసవిలో ఫ్యాన్లకూ కూలరుకూ పనికొస్తాయి. తొందరేమీ లేదు, ఈ చలికాలం గీజరును సరిగ్గా వాడి చూడండి, కొత్త బిల్లు చేతికొచ్చాక ఎన్ని కిలోవాట్లు కావాలో తేల్చుకోవచ్చు.

అత్తగారికి ఒక మాట. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు తెల్లవారి ఐదింటికే స్నానం చేయాలన్న నియమం పెట్టుకుంటారు. పూజ ఉంటే సరే. లేని రోజుల్లో పదకొండింటికి పోసుకోమనండి. అప్పటికి ట్యాంకు మీద ఎండ పడి నీళ్లు నాలుగైదు డిగ్రీలు వెచ్చబడతాయి, బాత్రూములోనూ చలి ఉండదు. మాల వేసుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లతో గీజరుకు పనే లేదు, ఆ నలభై రోజులూ లెక్కలోంచి తీసేయండి.

ఆడపడుచు వచ్చేలోపు రెండు పనులు పూర్తి కావాలి: గీజరు సర్వీసు, ఆర్‌సీసీబీ. బాలింతకు కాగే నీళ్లు పోయాలని పెద్దవాళ్లు అంటారు, బిడ్డకు మాత్రం ఆ వేడి పనికిరాదు. బిడ్డ బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కొంచెం కొంచెంగా కలిపి, మోచేతితో చూడండి. అరచేతులు పనిచేసి కాయలు కాచినవి, వేడి సరిగ్గా తెలియదు. వరస తప్పి ముందు వేడినీళ్లు పోసి పెట్టి, చన్నీళ్ల కోసం వెనక్కి తిరిగిన క్షణంలోనే పిల్లలు చెయ్యి పెడతారు. మీ ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలున్నారు కదా, వాళ్లకూ ఇది చెప్పండి.

ఆ అబ్బాయి అడ్వాన్సు కోసం మళ్లీ వస్తే లేదనకండి, నిచ్చెన చూపించండి. పైకెక్కి, ట్యాంకుల ఎత్తు కొలిచి, పైపు పొడవు, గొట్టాల సంఖ్య, స్టాండుకు ఎన్ని బోల్టులు, 100 లీటర్లదానికి ధర, ఏ పథకం కింద ఎంత సబ్సిడీ, అన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమనండి. కాగితం ఇస్తే నాకు పంపండి, చూస్తాను.